అన్నా సారా కుగ్లరు దొరసాని

ప్రతి సంవత్సరమును మన మహాసభ సంచికకు మేము పంపుచువచ్చిన జీవితచరిత్రములు మన కులమువారివే. సత్రములు కట్టించినవారు, చెరువులు త్రవ్వించినవారు, విద్యార్థి వసతిగృహములకు భూములిచ్చినవారు, వీరి చరిత్రములను యథాశక్తిగ వ్రాసితిమి. ఈ యేడు సంపాదకవర్గమువారు ఒక మాతృమూర్తి చరిత్రము వ్రాయుమని కోరిరి. ఎవరిని గూర్చి వ్రాయుదుమా యని చాల దినములు ఆలోచించితిమి. తుదకు మా మనస్సు మన కులము కాక, మన మతము కాక, మన దేశము సయితము కాక, బిడ్డను కని యెరుగని యొక స్త్రీమీద నిలిచినది. చదువరులు క్షమింతురుగాక. మా తండ్రిగారు ప్రాణముతో భూమిమీద పడుటకు కారణమైన వైద్యశాలను కట్టించినది ఆమె. మీ యిండ్లలో వృద్ధులైనవారిని విచారించినచో నిట్టి కథ యొకటి దొరకక మానదని మా నమ్మకము.

అన్నా సారా కుగ్లరు 1856వ సంవత్సరము ఏప్రిలు 19వ తేదీన అమెరికా దేశమున పెన్సిల్వేనియా రాష్ట్రములో, ఫిలడెల్ఫియా నగరము చెంతనున్న ఆర్డుమోరు గ్రామమున జన్మించెను. ఆ కాలమున స్త్రీ వైద్యవిద్య నభ్యసించుట అమెరికాలో సయితము సులభము కాదు. పురుషుల కళాశాలలు స్త్రీలకు తలుపులు మూసియుంచినందున 1850లో ఫిలడెల్ఫియాయందు స్త్రీలకై ప్రత్యేకముగ నొక వైద్యకళాశాల వెలసినది. కుగ్లరు అందు చదివి 1879లో పట్టము పొందెను. 1870లో బరేలీ పట్టణము చేరి మన దేశమున స్త్రీలకు వైద్యము చేసిన క్లారా స్వెయిను ఆ కళాశాల విద్యార్థినియే. మహారాష్ట్ర దేశమునుండి సముద్రములు దాటి పోయి 1886లో పట్టము నందిన ఆనందీబాయి జోషియు నచ్చటనే చదివెను. ఒక్క పాఠశాల ఎంత దూరపు దేశములకు పనికివచ్చునో బడిపంతులుపని చేసిన మావంటివారు తలచుకొని సంతోషింపవలసిన విషయము. పట్టము పొందినపిమ్మట కుగ్లరు నారిస్టౌను పట్టణమున మనోవ్యాధిగ్రస్తులకై ప్రభుత్వమువారు నడపు వైద్యశాలలో స్త్రీల విభాగమున సుమారు రెండేండ్లు పనిచేసెను.

అక్కడ నుండగా గుంటూరు లూథరను మిషనులో పనిచేయుచుండిన ఆడం రో అను మిషనరీ వ్రాసిన జాబు ఆమెకు చేరినది. ఇచ్చటి స్త్రీలు వైద్యసహాయము లేక పడు బాధలను తెలిపి, స్త్రీ వైద్యురాలు వచ్చిన తప్ప వీరికి గతి లేదని ఆయన వ్రాసెను. ఆమె వెంటనే తన సంఘమునకు చెందిన స్త్రీల మిషనరీ సమాజమునకు దరఖాస్తు పెట్టెను. ఆ సమాజమువారు విచిత్రమైన జవాబు చెప్పిరి. తాము వైద్యపు పనికి ఇంకను సిద్ధముగ లేమనియు, ఆమె పోదలచినచో బాలికలకు, ఘోషాస్త్రీలకు చదువు చెప్పు పంతులమ్మగా పోవచ్చుననియు వారి నిర్ణయము. లెక్కల పంతులును తెలుగు చెప్పుమని పంపు అధికారులను మేమును ఉద్యోగకాలమున చూచియున్నాము గాని, పట్టము గల వైద్యురాలిని అక్షరాభ్యాసమునకు పంపినవారిని గూర్చి చదువుట ఇదియే ప్రథమము. మరియొకరైనచో కోపించి యిల్లు చేరెడివారు. ఆమె ఆ షరతునకు సమ్మతించి, 1883 ఆగస్టులో ఓడ యెక్కి, నవంబరు 29వ తేదీన గుంటూరు ప్రవేశించెను. తన వైద్యవిద్యను మాత్రము ఆవలి యొడ్డున విడిచి రాలేదు.

ఆనాటి గుంటూరు నేటి గుంటూరు కాదు. అది జిల్లా ముఖ్యపట్టణము సయితము కాదు. 1859లో గుంటూరు జిల్లాను రద్దుచేసి కృష్ణా, నెల్లూరు జిల్లాలలో కలిపివేసిరి. తిరిగి 1904లో గాని అది ప్రత్యేక జిల్లా కాలేదు. ఒంగోలు సీమవారు అప్పుడు నెల్లూరు జిల్లా ప్రజలు. రైలు ఇంకను రాలేదు. వానకాలమున నల్లరేగడి దారులలో బండి యిరుసువరకు దిగబడును. పత్తిచేలలో, మిరపతోటలలో కూలికి పోవు గర్భిణికి నొప్పులు వచ్చినచో గట్టే పురిటిగది యగుట అపురూపము కాదు. ఇక ఇంటిపట్టున నుండు గృహిణి స్థితి అంతకంటె మేలని తలపరాదు. లూథరను మిషను 1842లో హేయరు అను పాదిరి రాకతో గుంటూరున నెలకొన్నది. బడులు, దేవాలయములు పెట్టియుండిరి గాని, స్త్రీల రోగములు చూచు స్త్రీ యెవరును లేరు.

నాటి ప్రసవ విధానమును కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఈ తరమువారికి అది తెలియదు. తెలియని యెడల ఈ చరిత్రమునకు అర్థము లేదు. ఇంటిలో నన్నిటికంటె చీకటిగనుండు గదియే పురిటిగది. గాలి సోకరాదని కిటికీలు మూసి, కుంపటి రగిల్చి, ఆ పొగలో తల్లిని పరుండబెట్టెడివారు. దాహమని మొరపెట్టినను బాలింతకు నీరు పోయుటకు భయపడెడివారు. మంత్రసానిని నిందింప మాకు మనసొప్పదు. సుఖప్రసవములను ఆమె నేర్పుతో జరిపించెడిది, అర్ధరాత్రి పిలిచినను కాదనక వచ్చెడిది. కాని బిడ్డ అడ్డము తిరిగినప్పుడు, మాయ పడనప్పుడు, రక్తము ఆగనప్పుడు ఆమె చేతిలో నేమున్నది? బొడ్డును కొడవలితోనో చాకుతోనో కోయుదురు. ఆ చాకు అంతకుముందు దేనిని కోసినదో యెవరును అడుగరు. ఏడవనాటికో తొమ్మిదవనాటికో పసికందు దవడలు బిగిసి, పాలు పట్టక, విల్లువలె వంగిపోయి చనిపోవును. దానిని గ్రహదోషమనిరి, దిష్టియనిరి. అది మలినమైన యినుము తెచ్చిన ధనుర్వాతము. దాని క్రిమిని జపానుదేశపు కిటసాటో 1889లో వేరుపరచి లోకమునకు చూపెను. బాలింత జ్వరము ప్రసవము చేయించువారి చేతులనుండియే పుట్టునని వియన్నా నగరమున సెమ్మెల్వైసు 1847లోనే కనిపెట్టియుండెను. ఆ వార్త మన పురిటిగదులకు చేరుటకు అర్ధశతాబ్దము పట్టినది.

మేము సంస్కృతము చదివినవారము గావున ఇచ్చట నొక మాట చెప్పక తప్పదు. సుశ్రుతుడు తన సంహితలో మూఢగర్భమును గూర్చి వ్రాయుచు, బిడ్డ అడ్డుపడు విధములను కీలము, ప్రతిఖురము, బీజకము, పరిఘము అని నాలుగుగా విభజించి, తలుపు గడియవలె అడ్డముగ నిలుచుదానిని పరిఘమని చెప్పెను. చరకుడు సూతికాగారము ఎట్లుండవలెనో వివరముగ వ్రాసెను. మా పూర్వులు ఈ గ్రంథములను తాళపత్రములలో దాచిరి, పూజించిరి. వానిని చేతిలో పట్టుకొని పురిటిగదిలోనికి పోయినవాడు మాత్రము మా యెరుకలో లేడు. పురుషుడైన వైద్యుడు స్త్రీని తాకరాదు, స్త్రీకి వైద్యము చదువరాదు. ఇంక ఆ శాస్త్రము ఎవరికొరకు?

ఇట్టి యిండ్ల గుమ్మములముందు ఆ దొరసాని వచ్చి నిలిచినది. తెలుగు నేర్చుకొనుచు, పంతులమ్మగా ఘోషాస్త్రీలకు చదువు చెప్పబోవుచు, వారి రోగములను చూడనారంభించెను. చదువునకు పిలిచిన యిల్లే పిమ్మట నొప్పులకు పిలువసాగినది. పిలిచిరన్న మాటయే గాని, ఆ పిలుపు ఎట్టిదో మన పెద్దలు చెప్పగా విన్నాము. ఆమె యడుగు పెట్టిపోయిన చోట పేడనీళ్లు చల్లెడివారు. ఆమె పట్టి చూచిన చేతిని గృహిణి కడుగుకొనెడిది, లేదా తలస్నానము చేసెడిది. ద్రవరూపమైన మందు ఆమె యింటి నీటితో కలిసినదను శంకచే పుచ్చుకొనెడివారు కారు. పొడిమందు ఇచ్చినచో తమ బావినీటిలో కలుపుకొని మ్రింగెడివారు. ఈ వ్రాత చదువు మన కులస్థులలో కొందరికి ఇది కష్టము కలిగించునని యెరుగుదుము. కాని యిది ఆ దొరసానికథ యగునంతగా మన కథయును అగును. ప్రాణము కాపాడవచ్చిన చేతిని కడిగివేసినవారు మన ముత్తవ్వలే. ఆ చేతినే తిరిగి పిలిచినవారును వారే. ఆమె ఈ రెండింటిలో మొదటిదానిని లెక్కసేయక రెండవదానికే లేచి పోయెడిది.

1885 డిసెంబరులో గాని అమెరికాలోని సమాజమువారు ఆమెను వైద్య మిషనరీగా నియమింపలేదు. రెండేండ్లు పంతులమ్మ పేరుతో వైద్యము చేసిన తరువాత పేరును పనియు నొక్కటైనవి. మన దేశమున స్త్రీలకు వైద్యసహాయమునకై డఫరిను నిధి యేర్పడినదియు ఆ 1885వ సంవత్సరమే. 1886లో గుంటూరులో ఔషధశాల తెరచిరి. అది చాలదని త్వరలోనే తేలినది. మందు ఇచ్చి పంపిన రోగి ఇంటివద్ద ఏమగుచున్నదో తెలియదు, శస్త్రచికిత్స చేయుటకు చోటు లేదు. 1889లో ఆమె స్వదేశమునకు పోయి, 1891లో తిరిగి వచ్చెను. ఆ కాలమును విశ్రాంతికిగాక తన సంఘపు స్త్రీలవద్ద వైద్యశాలకు విరాళములు కూర్చుటకు వినియోగించెను. 1893లో స్వంత ఔషధశాలా భవనము లేచినది. 1898 జూను 23వ తేదీన ఏబది పడకల వైద్యశాల తెరువబడినది. ఆమె గుంటూరు చేరి అప్పటికి పదునాలుగేండ్లు దాటినవి. చందాలు పోగుచేసి వసతిగృహము కట్టుటకు తిరిగిన మన సంఘపు పెద్దలకు ఈ పదునాలుగేండ్ల బరువు తెలియును.

1895లో మేరీ బేరు అను మరియొక వైద్యురాలు వచ్చి చేరెను. చీరాలలో మిషను వైద్యశాల నెలకొల్పి నడిపినది ఈమెయే. క్యాథరిను ఫాసు అను నర్సు పరిచారికలకు శిక్షణ మొదలిడెను. ఈ పరిచారికలను గూర్చి కొంచెము చెప్పవలెను. ఆ పనికి మన యిండ్లనుండి బాలికలను పంపినవారు లేరు. రక్తము, మలము తాకు పని నీచమని మన తలంపు. వచ్చినవారు చాలవరకు ఊరి వెలుపలి పల్లెలనుండి క్రైస్తవమతము పుచ్చుకొన్న కుటుంబముల పిల్లలు. వీరు చదువుకొని, చేతులు కడుగుకొని, తెల్లని చీరలు కట్టి పడకలప్రక్కన నిలిచిరి. మన గృహిణులు ఊరిలో ఏ బాలికల నీడ సోకరాదని తప్పుకొనిపోయిరో, నొప్పులవేళ ఆ బాలికల చేతులనే గట్టిగ పట్టుకొనిరి. ఏ శాస్త్రార్థసభలోను జరుగని పని ప్రసవశాలలో ఇట్లు చడిచప్పుడు లేక జరిగిపోయినది.

వైద్యశాలకు వచ్చుటకు మనవారికి మరియొక యాటంకముండెను. రోగితో వచ్చినవారు ఎచ్చట వండుకొందురు, ఎవరి చేతి నీరు త్రాగుదురు అనునది. ఈ చిక్కును విప్పినవాడు లక్కవరము జమీందారై ఏలూరున నివసించిన మంత్రిప్రెగడ భుజంగరావు బహద్దరు. ఆయన కవి, సాహిత్యపోషకుడు, బ్రాహ్మణుడు. ఆయన భార్యకు కుగ్లరు చేసిన వైద్యము ఫలించుటచే కృతజ్ఞుడై, వైద్యశాల కెదురుగ రోగుల బంధువులు దిగుటకు సత్రమును కట్టించి యిచ్చెను. మన సంచికలలో ఎన్ని సత్రములనో పొగడితిమి. తీర్థయాత్రికులకు కట్టినవి, కులస్థులకు కట్టినవి. పురిటికి వచ్చిన స్త్రీ తల్లియో అత్తయో పొయ్యి రాజేసికొనుటకు కట్టిన సత్రమిది. మడి కట్టుకొని వంట చేసికొనుటకు చోటు దొరకిన తరువాత ఆచారముగల కుటుంబముల బండ్లు కూడ గుంటూరు దారి పట్టినవి. ఆచారమును ఎదిరించి గెలిచినవారు కలరేమో గాని, దానికి పొయ్యి చూపించి దాటినవాడు ఈ జమీందారు. ఆయన క్రీస్తు చరిత్రమును తెలుగు పద్యములలో వ్రాసెను.

ఇచ్చట ఒక ప్రశ్న రాక మానదు. ఆమె మతము కలుపుకొనుటకు వచ్చినదే కదా యని మన సభలలోనే కొందరు అడుగుదురు. వచ్చినమాట నిజమే. ఆమె దానిని దాచలేదు. అది మిషనువారి వైద్యశాల. ప్రార్థనలు జరుగును, బైబిలు చదువబడును. తన వృత్తిని ఆమె తన దేవుని సేవగనే యెంచెను. మాకు ఆ మతము కాదు. మాకు అర్చనాదులు మా యింటివి మాకున్నవి. కాని నలువది యేడు సంవత్సరముల కాలములో ఆ ద్వారము దాటి పోయినవారిలో ఎంతమంది బొట్టుతోనే పోయి బొట్టుతోనే తిరిగివచ్చిరో మన గ్రామములే సాక్ష్యము. మందునకు మతమును ధరగా పెట్టినచో అన్ని బండ్లు ఆ దారి నడచియుండవు. ఈ విషయమున ఇంతకంటె వాదము పెంచ మాకిష్టము లేదు.

ప్రభుత్వమువారు 1905లో ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకము నిచ్చిరి. 1917లో దానికి మరియొక గౌరవచిహ్నమును చేర్చిరి. ఆమె వివాహము చేసికొనలేదు. 1928లో తన వైద్యశాల చరిత్రమును ‘గుంటూరు మిషన్ హాస్పిటల్’ అను పేర ఆంగ్లమున ప్రకటించెను. 1930 జూలై 26వ తేదీన గుంటూరులోనే కన్నుమూసెను. అప్పటికి ఆమె వయస్సు డెబ్బదినాలుగేండ్లు. పిమ్మట ఆ వైద్యశాలకు ఆమె పేరే పెట్టిరి. అంతకు పూర్వమే జనులు దానిని అట్లు పిలుచుచుండిరని పెద్దలవలన వినియున్నాము. గుంటూరున పుట్టిన కొమర్రాజు అచ్చమాంబ వంటి తెలుగు స్త్రీలు తామే వైద్యురాండ్రై తల్లులకు, శిశువులకు వలసిన జాగ్రత్తలను మన భాషలో వ్రాయు కాలము తరువాత వచ్చినది.

మా నాయనమ్మ మాట చెప్పి ముగింతుము. ఆమె పుట్టినదియు, మెట్టినదియు నల్లరేగడి పల్లెలే. తొలిచూలు ఇంటిలోనే అడ్డము తిరిగి పోయినది. రెండవ బిడ్డ పుట్టిన తొమ్మిదవ దినమున దవడలు బిగిసి పోయెను. మూడవమారు నొప్పులు మొదలై రెండుదినములైనను తెరపి లేకపోగా, మా తాతగారి తల్లి, ఆచారమున నెవరికిని తీసిపోని మనిషి, తానే బండి కట్టించెను. మిరపకాయ కోతలు సాగుచున్న దినములు. కూలివారిని విడిచి, బిందెడు బావినీరు, మూటెడు బియ్యము బండిలో పెట్టించుకొని, కోడలిని తన యొడిలో పరుండబెట్టుకొని రాత్రియెల్ల ప్రయాణము చేసెను. తెల్లవారునప్పటికి గుంటూరు. ఆమె సత్రమున దిగి స్నానము చేసి, బిందె దగ్గర పెట్టుకొని కూర్చుండెను. పొయ్యి మాత్రము ఆ పూట రాజేయలేదట. పొద్దెక్కినతరువాత మగబిడ్డ పుట్టెనని లోపలినుండి వార్త వచ్చెను. ఆయనయే మా తండ్రి.

తనకు పురుడు పోసినది పెద్ద దొరసానియే యని నాయనమ్మ కడవరకు చెప్పుచుండెడిది. అప్పటికి కుగ్లరు వృద్ధురాలు. చిన్న వైద్యురాండ్రు ఇతరులును అచ్చట పనిచేయుచుండిరి గావున, ఆ చేయి ఎవరిదో మేము తేల్చి చెప్పజాలము. నెరసిన తలయు, నొసటిమీద చల్లని చేయియు మాత్రమే ఆమెకు జ్ఞాపకము. నాయనమ్మతో ఈ విషయమున వాదించిన మా పినతండ్రికి ఆ పూట అన్నము ఆలస్యముగ దొరకినది.

ఇంటికి తిరిగివచ్చిన తరువాత ఆమెకు శుద్ధి చేసిరి, పంచగవ్యము త్రాగించిరి. ఆమె మారు పలుకక త్రాగినది. కాని అచ్చట చూచివచ్చిన దొకటి విడువలేదు. చాకును, దారమును నీళ్లలో మరగించిన తరువాతనే బొడ్డు తాకెడివారని ఆమె నొప్పులలో కూడ గమనించెను. ఆనాటినుండి మా వీధిలో ఎవరికి నొప్పులు వచ్చినను ఆమె ఒక యిత్తడి చెంబుతో బయలుదేరెడిది. మంత్రసానిని లోపలికి పోనీయక గడపవద్ద నిలిపి, కుంకుడు రసముతో మోచేతులవరకు కడిగించి, చాకును చెంబులో వేసి, నీరు తెర్లి పొంగువరకు తానే పొయ్యివద్ద కూర్చుండెడిది. మొదట మంత్రసాని అలిగినది, వీధివారు నవ్విరి. ఇతర కులములవారి యిండ్లకు గూడ పిలువకయే పోవుచున్నదని మా తాతగారి తల్లి కోపించెను. కోపించినను ఆపలేదు. బండి కట్టించినది తానే కదా.

ఆమె కోడండ్రకు, కూతుండ్రకు, మనుమరాండ్రకు ప్రతి పురుటిలోను ఆ చెంబు పొయ్యిమీద కెక్కినది. నర్సమ్మలు ఊరికి వచ్చు కాలము వచ్చినతరువాత కూడ, వారి పరికరములను చూచి, ఇవి మరగినవేనా యని అడిగి గాని లోపలికి పంపెడిది కాదు. చెంబు అడుగు నల్లబడి, ఒక ప్రక్క సొట్టపడినది. అది మా యింట పూజగదిలో లేదు, వంటయింటి అటకమీద నున్నది. ఈ వ్యాసము వ్రాయుటకు కూర్చుండుటకు ముందు దానిని దింపించి చూచితిమి.